తులసి గద్దె కింది మూత

నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటిన తర్వాత వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా చేతిలో సరిగ్గా నిలవవు. కొన్ని తప్పులు నా మనవరాలు దిద్దింది, కొన్ని ఆమెకూ దొరికి ఉండవు. ఒక్క పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది, కాబట్టి కథ కూడా నాలాగే మెల్లగా నడుస్తుంది. ఓపికతో చదవండి.

*

గురువారం పొద్దున యేసమ్మ తాను పనిచేసే ఇంటి వెనక గేటు తీసేసరికే వాసన ఎదురొచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కింది బాత్‌రూములోకి వెళ్ళి ఒక బకెట్ నీళ్ళు పోసింది. నీళ్ళు కిందికి పోవడానికి బదులు గుడగుడమంటూ పైకి వచ్చి ఆమె పాదాల చుట్టూ తిరిగాయి. రెండు అడుగులు వెనక్కి వేసి, చీపురును గోడకు ఆనించి నిలబడింది.

శ్రీవాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మళ్ళా ఇంత ఆసిడ్ పొయ్యి యేసమ్మా."

"ఈ వారంలనే మూడు సీసాలు పోసినమమ్మా. ఇది ఆసిడ్‌కు పోయేటట్టు లేదు."

"ఆదివారం మామయ్యగారి సంవత్సరీకం. ఆర్మూర్ నుంచి, కమ్మర్‌పల్లి నుంచి నలభై మంది వస్తున్నరు. వాళ్ళందరిని ఎక్కడికి పంపాలె?"

ఆ మాట అన్నది యేసమ్మతో కాదు, వెనక నిలబడ్డ భర్తతో. రాజశేఖర్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

పదకొండు గంటలకు రవీందర్ ట్యాంకరు సందులోకి వెనక్కి వెనక్కి వచ్చి ఇంటి ముందు ఆగింది. దాని వెనక భాగాన ఎర్ర రంగుతో 'ట్యాంకులోకి మనుషులను దించరాదు' అని రాసి ఉంది. రవీందర్ దాని యజమానీ, డ్రైవరూ. పక్క సీటులోంచి జయరాజ్ దిగి, లావుపాటి రబ్బరు పైపును భుజానికెత్తుకున్నాడు. అతడు యేసమ్మ భర్త. అయినా ఆ ఇంటి వాకిట్లో ఇద్దరూ పరిచయం లేనివాళ్ళలాగే ఉంటారు.

"సార్ ఉన్నడా?" అన్నాడు.

"లోపలున్నడు," అంది ఆమె, తోముతున్న పళ్ళెం మీదినుంచి చూపు ఎత్తకుండా.

ప్రహరీ గోడ పక్కన, సెప్టిక్ ట్యాంకు రెండు గదుల్లో ఒకదాని మీద ఉన్న చిన్న మూతను జయరాజ్ గడ్డపారతో లేపాడు. పైపు దించారు. మోటారు మోగింది. పావుగంట నల్లటి నీళ్ళు లాగి, తర్వాత పైపు గాలిని మింగుతూ పాములా ఎగిరెగిరి పడింది. జయరాజ్ పొడుగాటి వెదురు కర్ర దించి అడుగు చూశాడు. కర్ర టకటకమని నేలకు తగిలింది. యేసమ్మ లోపలికి వెళ్ళి చూసింది. బాత్‌రూములో నీళ్ళు నిలిచినవి నిలిచినట్టే ఉన్నాయి.

"ఇది నీళ్ళ అర్ర సార్," అన్నాడు జయరాజ్. "అసలు సరుకంత పక్క అర్రల గడ్డకట్టింది. దాని మూత ఏడున్నది?"

రాజశేఖర్ భార్య వైపు చూశాడు. ఆమె తులసి గద్దె వైపు చూసింది.

నడుమెత్తు గద్దె. నాలుగు పక్కలా పసుపు రంగు టైళ్ళు, ముందు దీపం పెట్టుకునే గూడు. నాలుగేళ్ళ కింద వాకిలికి టైళ్ళు వేయించినప్పుడు, సిమెంటు మూత వచ్చేపోయేవాళ్ళ కంట్లో పడుతోందని దాని మీదే గద్దె కట్టించారు.

రవీందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మంచిగనే కట్టిండ్రు సార్. తులసమ్మను తీసుకపోయి పాయఖాన మీద కూసోబెట్టిండ్రు."

"గా మాటలొద్దు," అంది శ్రీవాణి. ఆమె ముఖం ఎర్రబడింది.

"తప్పైందమ్మా. గద్దె జర పక్కకు జరుపుదాం. ఇద్దరం పడితే ఐదు నిమిషాలు."

"మూఢం నడుస్తుంది. ఇంకా తొమ్మిది రోజులుంది. పూజ సామాను కూడా జాగ మార్చొద్దన్నరు పంతులుగారు. తులసమ్మను కదుపుతరా?"

రవీందర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇంకో తొవ్వ ఉన్నది గని... రెండర్రల నడుమ గోడకు కింద తూము ఉంటది. అది మూసుకపోయింది. ఇటునుంచి దిగి గడ్డపారతోని పొడిస్తే అటుదంత ఇటు వస్తది. గని మనిషిని దింపొద్దని మున్సిపాలిటోళ్ళు మాతోని సంతకాలు తీసుకున్నరు సార్."

"ఐదు నిమిషాల పనికి సంతకాలేంది? ఎవరు చూస్తరు?" రాజశేఖర్ జయరాజ్ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, ఎక్కువతక్కువ చూపు లేదు. ఏదో సౌకర్యం గుర్తు చేస్తున్నట్టే అన్నాడు. "మీకు మూఢాలు, ముహూర్తాలు ఉండవు గదా జయరాజ్. నీకు ఏ రోజైనా ఒకటే."

జయరాజ్ అలవాటుగా నవ్వాడు. "ఉండవు సార్."

"మరింకేంది? ఇయ్యాల మూత తెరిచి పెట్టి పో. రేపు పొద్దున దిగుదువు."

యేసమ్మ చేతిలో సబ్బు పీచు ఆగింది. పైపు చుట్టుకుంటూ జయరాజ్ ఆమె పక్కగా వచ్చాడు. ట్యాంకు నుంచి గోడ వెంట పైకి పోయిన గొట్టాన్ని తలెత్తి చూసి, మెల్లగా అడిగాడు. "గ్యాస్ పైపు గిదేనా? డాబా మీద మంచిగనే ఉన్నదా?"

ఆమె కడిగిన పళ్ళాల దొంతి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఇంట్లో ఆ సాయంత్రం జయరాజ్ రోజూలాగే రెండుసార్లు సబ్బు పెట్టుకుని స్నానం చేశాడు. ప్రార్థన చేసి పళ్ళెం ముందు కూర్చున్నాడు. యేసమ్మ అన్నం వడ్డించి, తనకు పెట్టుకోకుండా ఎదురుగా కూర్చుంది.

"గా పైపుల నేను గుడ్డ కుక్కిన."

"ఏ పైపుల?"

"డాబా మీద. పోయిన ఎండకాలం అమ్మ వడియాలు పెట్టింది. వడియాలకు కంపు పడుతుందని పైపు మూతి మూసెయ్యమన్నది. పాత లంగా గుడ్డ కుక్కి, పైన ఇంత సిమెంటు కలిపి పెట్టిన. మంచిగ పెట్టినవని మెచ్చుకున్నది గూడ."

జయరాజ్ ముద్దను పళ్ళెంలోనే వదిలేశాడు. "ఏడాది దాటిందన్నట్టు."

"దాటింది."

"వారం వారం ఆసిడ్. నాలుగేండ్ల సంది మూత తియ్యలె. ఊపిరాడే పైపు లేదు." అతడు ఒక్కొక్క మాట ఏరుకుంటున్నట్టు అన్నాడు. "నిజామాబాద్‌ల గసువంటి దాంట్లనే ఒకడు దిగిండు. రెండు మెట్లు మంచిగనే దిగిండు. మూడో మెట్టు మీద చెయ్యి ఇడిసిండు. అరవలె, ఏమనలె. జుట్టు పట్టి గుంజింది నేనే."

ఈ సంగతి ఇరవై ఏళ్ళలో అతడు ఎన్నడూ ఇంట్లో చెప్పలేదు.

"రేపు పొద్దుగాల పొయ్యి సిమెంటు పగలగొడ్త," అంది యేసమ్మ.

"ఒక్క దినంల పోయే గాలి కాదది. అడుగున కూసుంటది."

"అయితే నువ్వు పోవద్దు."

"పోనంటే రవీందర్ ఊకుంటడా?"

"కడుపు నొప్పని చెప్పు."

అతడికి నవ్వొచ్చింది. "ఇరవై ఏండ్ల సంది గా కంపుల తిరుగుతున్న. ఒక్కనాడు కడుపు నొయ్యలె. ఎవడు నమ్ముతడే?"

"నమ్మకుంటే నమ్మకపోనీ. పైపు సంగతి నేను చెప్తగని నువ్వయితే దిగకు."

"ఏమని చెప్తవ్? నువ్వే మూపిచ్చినవని అమ్మ మొఖం మీద అంటవా? ఔనంటదా ఆమె? తెల్లారి నువ్వు గేటు బయట ఉంటవ్."

జయరాజ్ ఫోన్ తీసి, మీట గట్టిగా నొక్కి పట్టుకుని, వెలుగు ఆరేదాకా దాన్నే చూశాడు. తర్వాత పళ్ళెం దగ్గరికి లాక్కుని చల్లారిన అన్నం తిన్నాడు.

*

"జయరాజ్ నిన్న మంచిగనే ఉండె గదా?" అంది శ్రీవాణి శుక్రవారం పొద్దున.

"రాత్రి సంది కడుపు నొప్పమ్మా."

రవీందర్ ఫోన్ చేసి చేసి విసిగి తానే వచ్చాడు. వాకిట్లో బండి కూడా దిగకుండా అడిగాడు. "వదినా, మా అన్నది కడుపు నొప్పా? ఆయనకు గూడ మూఢం వచ్చిందా?"

"నొప్పే," అంది ఆమె.

"తగ్గుతదా ఇయ్యాల?"

"ఏమో మరి. మెలిపెడుతున్నదట."

రవీందర్ ఆమెను కాసేపు చూసి, రాజశేఖర్ వైపు తిరిగాడు. "రేపు పొద్దుగాల వేరే మనిషిని తెస్త సార్. కోటగిరి దిక్కు ఒకడున్నడు, చెరుకు కొట్టేటోడు. ఇప్పుడు పని లేక ఊకెనే ఉన్నడు."

యేసమ్మకు గుండెల మీది బరువు దిగినట్టయింది. దిగిన మరుక్షణమే ఆ దిగడం ఆమెకు నచ్చలేదు. చీపురు పట్టుకుని బాత్‌రూములోకి వెళ్ళింది. నిలిచిన నీటిని మగ్గుతో బకెట్‌లోకి తోడి, వాకిలి దాటి, వెనక మోరీలో పోసి వచ్చింది. ఆ పని పొద్దంతా చేసింది. పోయిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ తులసి గద్దె పక్కనుంచే నడిచింది. గద్దె చుట్టూ ఊడ్చేది శ్రీవాణే. యేసమ్మ చీపురు రెండు టైళ్ళ ఇవతలే ఆగాలి. బకెట్ తొణికితే చుక్క అటు పడకూడదని, అక్కడికి రాగానే బకెట్‌ను అవతలి చేతికి మార్చుకునేది.

ఇంటికి వచ్చాక జయరాజ్‌తో చెప్పింది.

"ఎవడట?"

"చెరుకు కొట్టేటోడట."

"ఎప్పుడన్న దిగిండా?"

"నాకేమెర్క?"

జయరాజ్ గోడ వైపు తిరిగి, నిజంగానే నొప్పి ఉన్నవాడిలా కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు.

*

శనివారం వచ్చిన మనిషి బక్కపలుచగా ఉన్నాడు. ముప్పై ఐదు ఏళ్ళుంటాయి. చెరుకు ఆకు కోసిన గీతలు మోచేతుల దాకా తెల్లగా తేలి ఉన్నాయి. వచ్చి అరుగు కింద గొంతుక్కూర్చుని, రవీందర్ ఇచ్చిన కొబ్బరి నూనె చేతులకూ ఛాతీకీ పట్టించుకున్నాడు. అంగీ విప్పి, నాలుగు మడతలు పెట్టి, దాని మీద చెప్పులు పెట్టి, మళ్ళీ ఏమనుకున్నాడో చెప్పులు తీసి పక్కన పెట్టాడు.

యేసమ్మ బాత్‌రూములోంచి బకెట్‌తో బయటికి వచ్చింది.

"అక్కా, జర మంచినీళ్ళియ్యవా?"

ఆమె బకెట్ దించి, చేతులు కడుక్కుని, పనివాళ్ళ కోసం బయట పెట్టే స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతడు చెంబు ఎత్తి గటగటా తాగాడు. చెంబు తిరిగి ఇచ్చాడు.

"నీ పేరేంది తమ్మీ?"

"లింబయ్య. కోటగిరి."

"ఇంతకు ముందు దిగినవా ఎప్పుడన్న?"

"బాయిల పూడిక తీసిన. ఇదీ గంతేనటగద, చిన్న బాయి అసువంటిదేనట." అతడు రవీందర్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "రాత్రంత మా ఆమె వద్దని ఏడ్సింది. ఆడోళ్ళకు గదో భయం."

రవీందర్ ఇనుప నిచ్చెన తెచ్చి చిన్న మూతి లోపలికి దించాడు. లింబయ్య నడుముకు తాడు కట్టాడు. యేసమ్మ చెంబు పట్టుకునే నిలబడి ఉంది.

"తమ్మీ, దిగకు," అంది. "పైన గ్యాస్ పైపు మూసేసి ఉన్నది. ఏడాది దాటింది. లోపల గాలి మంచిది కాదు."

రవీందర్ చెయ్యి తాడు మీద ఆగింది. "ఎవడు మూసిండు?"

"నేనే. గుడ్డ కుక్కి సిమెంటు పెట్టిన. అమ్మ పెట్టుమంటే."

అందరూ శ్రీవాణి వైపు చూశారు. ఆమె మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో రేపటి వంటకు ఏరుతున్న కందిపప్పు చాట.

"నేనా? నేనెప్పుడు చెప్పిన? వడియాలు పెట్టినప్పుడు కంపు వస్తుందన్న, అంతే. సిమెంటు పెట్టుమన్ననా?"

"అన్నరమ్మా."

"రెండు రోజుల నుంచి మీ ఆయనకు నొప్పని చెప్తున్నవు. ఇప్పుడు వేరే మనిషి వస్తే పైపంటున్నవు."

లింబయ్య ముఖం మారింది. యేసమ్మను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఈ పని నీ మొగనిదా అక్కా? నేను గుంజుకుంటున్ననని గిట్ల బుగులు పెడుతున్నవా?"

"కాదు తమ్మీ, నా బిడ్డల మీద ఒట్టు."

"నాకూ బిడ్డలున్నరు గదా అక్కా." అతడు తాడు ముడి సరి చూసుకున్నాడు. "ఈ నెలల ఇదొక్కటే పని దొరికింది నాకు."

"డాబా మీదికి పోయి చూసొద్దామా సార్?" అన్నాడు రవీందర్, నిశ్చయం లేకుండా.

"చూస్తే ఏమైతది? ఒకవేళ మూసే ఉందనుకో, ఇప్పుడు తెరిస్తే ఇప్పుడే పోతదా?" అన్నాడు రాజశేఖర్. "మూత రెండు రోజుల నుంచి తెరిచే ఉంది. ఉన్న గాలంత అట్నే పోయుంటది. కానియ్యుండ్రి."

లింబయ్య మూతి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేశాడు. ఒక పాదంతో మొదటి మెట్టు వెతుక్కున్నాడు. దొరికింది. రెండో పాదం దించాడు.

యేసమ్మ చెంబు కింద పెట్టింది. అరుగు దగ్గర ఉన్న బాత్‌రూము బకెట్‌లో రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి తీసింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రెండు టైళ్ళు దాటింది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా దాటనివి. తులసి గద్దెను రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తుకోబోతున్నట్టు, గట్టిగా పట్టుకుంది. పసుపు టైళ్ళ మీదినుంచి నల్లటి నీళ్ళు కారి దీపం గూట్లోకి దిగాయి. తర్వాత ఒక చెయ్యి తీసి మొక్క మొదట్లో, మట్టిలో పెట్టింది.

శ్రీవాణి చేతిలో చాట వంగింది. కందిపప్పు మెట్ల మీద గలగలా రాలింది.

"ముట్టుకుంది," అంది. మొదట మామూలుగానే అంది. తర్వాత అరిచింది. "ఏమండీ, అమ్మవారిని ముట్టుకుంది! గా చేతులతోని!"

యేసమ్మ చేతులు తీయలేదు.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు రాజశేఖర్.

"ఇగ మైలపడ్డది గద సార్," అంది యేసమ్మ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మైలపడ్డదాన్ని ఉంచుకుంటరా? తియ్యాల్సిందే గద."

శ్రీవాణి పంతులుగారికి ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది. అటు మాటలు విని, ఊఁ, ఊఁ అంటూ తలూపింది. ఫోన్ దించి భర్త వైపు చూసింది, యేసమ్మ వైపు చూడలేదు. "తీసెయ్యాల్నట. మైల ఇంట్ల ఉండొద్దట. మూఢం పోయినాక సంప్రోక్షణ చేసి కొత్త గద్దె పెట్టుకోవాల్నట."

రాజశేఖర్ ముఖంలో చిరాకు ఉంది. దాని వెనక, పని అయిపోతుందన్న తేలిక కూడా ఉంది. "సరే, ఎట్లాగూ అయిపోయింది. తీసెయ్ రవీందర్."

లింబయ్య నిచ్చెన మీదినుంచి పైకి వచ్చాడు. ఇద్దరూ గడ్డపారలు పెట్టి గద్దెను పెకిలించారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మట్టితో సహా మొక్కను రాజశేఖర్ ఎత్తి గోడ పక్కన పెట్టాడు. గద్దె కింద సిమెంటు మూత బయటపడింది. దాని అంచుల్లో గడ్డపార దూర్చి లేపారు.

ఏ ట్యాంకు మూత లేపినా ముందు బొద్దింకలు గుంపుగా పరుగెత్తి వస్తాయి. రవీందర్ అలవాటుగా కాలు వెనక్కి తీసుకున్నాడు. ఒక్కటీ రాలేదు. మూత లోపలి వైపు అవి అంటుకునే ఉన్నాయి, వందల కొద్దీ, ఎండిపోయి. మూత వంచితే జొన్న పొట్టులా రాలాయి.

రవీందర్ నోట్లోంచి బీడీ తీసి చెప్పు కింద నలిపేశాడు. "అందరు దూరం జరుగుండ్రి," అన్నాడు. ఆ గొంతులో నవ్వులాట లేదు.

లింబయ్య కొద్దిసేపు ఆ రాలిన పొట్టును చూశాడు. చిన్న మూతి దగ్గరికి వెళ్ళి, తాను దిగబోయిన నిచ్చెనను తానే పైకి లాగి గోడకు ఆనించాడు. నడుము తాడు విప్పబోయాడు. ముడి రాలేదు. పళ్ళతో విప్పాడు.

రెండు గంటల తర్వాత పైపు దించి, నీళ్ళు కొడుతూ, గడ్డను కరిగిస్తూ మొత్తం లాగేశారు. కింది బాత్‌రూములో నీళ్ళు ఒక్కసారిగా గుటకేసినట్టు దిగిపోయాయి. యేసమ్మ ఆ చప్పుడు వెనక గేటు దగ్గర విన్నది. మెట్ల మీది కందిపప్పు ఏరుకుంటూ, తలెత్తకుండా శ్రీవాణి అన్న మాట కూడా అక్కడే విన్నది.

"రేపటి నుంచి రావొద్దు."

"జయరాజ్‌ను గూడ ఇగ పిలువను వదినా," అన్నాడు రవీందర్ బండి ఎక్కుతూ. "నొప్పులు తగ్గినాక వేరే పని చూసుకొమ్మను." అని ఇంజను తిప్పాడు.

*

కోటగిరి ఆటోలు ఆగే చోట ఎండ చురుక్కుమంటోంది. యేసమ్మ ఉండే కాలనీ ఆ దారిలోనే. ఆమె గోడ నీడన నిలబడింది. లింబయ్య కూడా వచ్చి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. తల తడిగా ఉంది, ఎక్కడో కుళాయి కింద స్నానం చేసినట్టున్నాడు. చెరుకు పిప్పి వేసుకుని ఒక ట్రాక్టరు పోయింది.

"అక్కా, ఒకటడుగుత. ఏమనుకోవద్దు."

"అడుగు."

"నువ్వు ముడితే గా గద్దె లేస్తదని నీకు ముందుగాల్నే ఎర్కనా?"

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది.

"ఎర్కుంటే నిన్ననే ముట్టకపోయినవా?" అతడు నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. "నిన్ననే ముడితే నేను ఊర్లనే ఉందును. మా ఆమె గంత ఏడ్వకపోవు. నిచ్చెన మీద రెండు మెట్లు దిగిన అక్కా. మోకాళ్ళ కింద, గా గాలి, వెచ్చగ..." అని ఆగాడు.

నిన్న ఆమె బకెట్లు మోస్తూ ఎన్నిసార్లు ఆ గద్దె పక్కనుంచి నడిచిందో ఆమెకు తెలుసు. చుక్క పడకుండా చెయ్యి మార్చుకున్నదీ తెలుసు.

"నిన్న ఇంట్ల నా మొగడు పండుకుని ఉండె," అంది. "నువ్వెవలో నాకు తెల్వకుండె తమ్మీ."

లింబయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కోపగించుకోలేదు. ఆటో వచ్చి ఆగింది. లోపల అప్పటికే ఆరుగురున్నారు. అతడు ముందు ఎక్కి, పక్కవాళ్ళను జరగమని, తాను అంచుకు ఒదిగి కూర్చుని, తన పక్కన జానెడు చోటు చేశాడు.

"రా అక్కా," అన్నాడు.

ఆమె ఎక్కి కూర్చుంది. చోటు చాలక ఆమె భుజం అతడి భుజానికి ఆనింది. కాలనీ వచ్చేదాకా అతడు జరగలేదు.

*

రాసినది గంగామణి. అరవై ఒక్క ఏళ్ళు. ముప్కాల్‌లో పుట్టాను. ఆయన పోయినప్పటి నుంచి బోధన్‌లో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.